లైసెన్సు డబ్బు మిగిలితే మనిషి మీద పెట్టండి

(ఒంగోలులో కాలేజీల ల్యాబ్ సిబ్బంది, లైబ్రేరియన్లు, ఆఫీసు ఉద్యోగుల కోసం జరిగిన ఒకరోజు శిక్షణలో చేసిన ప్రసంగం. మాట్లాడినదానికి వీలైనంత దగ్గరగా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కనిగిరి, దర్శి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు, కావలి, నెల్లూరు నుంచి రైల్లో వచ్చినవాళ్ళూ ఉన్నారు. హాల్లో ఏసీ సగమే పనిచేస్తోందని నిర్వాహకులు ముందే చెప్పారు. కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

మా ట్రస్టుకి నెల్లూరు జిల్లాలో ఒక కాలేజీ, చిన్న ఆసుపత్రి, ఒక లైబ్రరీ ఉన్నాయి. వాటి సర్వర్లు, అంటే అందరూ వాడుకునే ఫైళ్ళూ, వెబ్‌సైట్లూ ఉంచే కంప్యూటర్లు, చూసుకునేది నేనూ, నా జూనియర్ అమ్మాయీ. ఆ సర్వర్లను విండోస్ నుంచి లైనక్స్‌కి, అంటే లైసెన్సు కొనక్కర్లేని ఇంకో ఆపరేటింగ్ సిస్టంకి మార్చాం. అందులో ఏది సులువు, ఏది ప్రాణం తీస్తుంది అన్నదే ఇవాళ చెప్తాను. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు లైనక్స్ రాయడం మొదలుపెట్టిన కథ మీ సెకండియర్ పిల్లలకు కూడా తెలుసు. దాని జోలికి పోను.

మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్ళి సర్వర్లు మారుద్దామంటే వాళ్ళడిగేది ఒకటే ప్రశ్న. "ఎంత మిగులుతుంది?" న్యాయమైన ప్రశ్నే. చాలా సంస్థల్లో నడిచిన విండోస్ సర్వర్ 2012 ఆర్2కి సపోర్ట్ 2023 అక్టోబరు 10తో అయిపోయింది. ఆ తర్వాత సెక్యూరిటీ ప్యాచులు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, కావాలంటే విడిగా డబ్బు కట్టాల్సి వచ్చింది, లేదా కొత్త వెర్షన్‌కి పోవాల్సి వచ్చింది. కొత్త వెర్షన్‌కి లైసెన్సు ప్రాసెసర్ కోర్ల లెక్కన కొనాలి. మీ సర్వరులో ఎనిమిది కోర్లే ఉన్నా కనీసం పదహారింటికి కట్టాలి. అది కొన్నాక, ఆ సర్వరును వాడుకునే ప్రతి మనిషికో, ప్రతి కంప్యూటర్‌కో యాక్సెస్ లైసెన్సు మళ్ళీ వేరు. క్యాల్ అంటారు దాన్ని. కొటేషన్‌లో ఈ రెండో వరుస చూసేసరికి ట్రస్టీలు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. (నవ్వులు)

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ కొటేషన్ మొత్తాన్ని మిగులు కింద చూపించకండి. చూపించారంటే మరుసటి ఏడాది బడ్జెట్‌లో కంప్యూటర్ సెక్షన్‌కి సున్నా రాస్తారు, సర్వరు పడిపోయిన రోజు మీరొక్కరే రాత్రంతా కూర్చుంటారు. మిగిలినదాంట్లో సగానికి పైగా ఒక మనిషి జీతానికీ, శిక్షణకీ, రెండో హార్డ్‌డిస్కుకీ పోతుందని మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదొక్కటే, మిగతాదంతా దానికి సాక్ష్యం.

సర్వరు మారుద్దాం అనగానే అందరూ చేసే మొదటి పని ఇన్‌స్టాల్ చేయడానికి కావాల్సిన ఐఎస్‌ఓ ఫైలు డౌన్‌లోడ్. ఆగండి. ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఆఫీసంతా తిరగండి. సర్వరు మీద ఏమేం నడుస్తున్నాయో సర్వరు పూర్తిగా చెప్పదు, మనుషులు చెప్తారు. అందరూ ఫైళ్ళు పడేసే జెడ్ డ్రైవ్ ఒకటి. బయోమెట్రిక్ హాజరు మెషీన్లు లెక్కలు పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి. కాలేజీ వెబ్‌సైట్, లైబ్రరీ కేటలాగు, ఆసుపత్రి ఓపీ చీటీలు. ఎగ్జామ్ సెక్షన్‌లో బల్ల కింద, కాళ్ళు తగిలేచోట ఒక పాత సీపీయూ తిరుగుతూనే ఉంటుంది. అది ఆపితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, అందుకే ఎవరూ ఆపరు. మొదట కనుక్కోవాల్సింది దాని సంగతే.

ఆ నోట్‌బుక్ నిండాక తెలిసేది ఏమిటంటే, సగం పనులు లైనక్స్ మీద ఇంకా బాగా నడిచేవే. జెడ్ డ్రైవ్‌కి సాంబా ఉంది, లైనక్స్ సర్వరు మీది ఫైళ్ళను విండోస్ కంప్యూటర్లకి అందించే ప్రోగ్రాం అది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టింది. ఆఫీసులో విండోస్ కంప్యూటర్లు విండోస్‌గానే ఉంటాయి, వెనకున్న సర్వరు మారిందని వాటిని వాడేవాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఆన్‌లైన్ పాఠాలకి మూడుల్, లైబ్రరీకి కోహా. ఈ రెండూ లైనక్స్ సర్వర్ల మీదే ఎక్కువగా నడుస్తాయి, వాటి పాఠాలూ సహాయమూ కూడా ఆ వైపే దొరుకుతాయి.

మిగతా సగంలో మొదటి పేరు ట్యాలీ. మా అకౌంట్స్ సూపరింటెండెంట్ గారు నన్ను గుమ్మంలోనే ఆపేశారు. "అబ్బయ్యా, నువ్వేమన్నా చేసుకో, నా ట్యాలీ జోలికి మాత్రం రాబాక. ఇది ఆడిట్ నెల." సరే సార్ అన్నాను. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళూ సబబు. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్ అనేదాన్ని పెట్టి ట్యాలీ నడిపినవాళ్ళు ఉన్నారు, కానీ జీఎస్టీ రిటర్ను గడువు రోజు అది మొండికేస్తే సమాధానం చెప్పాల్సింది మీరు. ట్యాలీకి ఒక విండోస్ మెషీను ఉంచేయండి. దాని డేటా ప్రతి రాత్రీ లైనక్స్ సర్వరుకి కాపీ అయ్యేట్టు చూడండి. అంతటితో ఆ గొడవ తీరిపోతుంది.

దీని మీద పట్టుదలకి పోయేవాళ్ళకి జర్మనీలోని మ్యూనిక్ సంగతి చెప్తుంటాను. ఆ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కి మారాలని తీర్మానించింది. లైమక్స్ అని సొంత డెస్క్‌టాప్ తయారుచేసుకుంది, వేల కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్ళీ విండోస్‌కే పోవాలని అదే కౌన్సిల్ తీర్మానించింది. దాని వెనక రాజకీయమూ ఉంది, ఆఫీసుల్లో అసంతృప్తీ ఉంది, ఏది ఎంతన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. నేను తీసుకున్న పాఠం మాత్రం చిన్నది. డెస్క్‌టాప్ మారిస్తే ప్రతి గుమాస్తా చేతి అలవాటూ మారాలి. సర్వరు మారిస్తే ఇద్దరి అలవాటు మారితే చాలు. కాబట్టి సర్వర్లతో మొదలుపెట్టండి.

అంతదూరం ఎందుకు, కేరళ చూడండి. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టారు, ఇప్పుడు కైట్ అంటున్నారు. అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలు నేర్చుకునేది గ్నూ లైనక్స్ మీదే. వాళ్ళకి అది ఎందుకు నిలబడిందంటే, సీడీలు పంచి ఊరుకోలేదు, టీచర్లకి శిక్షణ ఇచ్చారు. మలయాళంలో ఇచ్చారు. మళ్ళీ మనిషి మీద ఖర్చే.

లైనక్స్ రకరకాల పేర్లతో దొరుకుతుంది, ఒక్కో రకాన్ని డిస్ట్రో అంటారు. వాటిలో ఏది వేసుకోవాలని కాఫీ దగ్గర ఇద్దరు ముగ్గురు అడిగారు. ఒక పాత కథ చెప్పి జవాబిస్తాను. సెంట్‌ఓఎస్ అనే డిస్ట్రో గుర్తుందా? మన కాలేజీ సర్వర్లలో చాలాచోట్ల అదే ఉండేది. సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా సపోర్ట్ ఉంటుందని అందరూ నమ్మి వేసుకున్నారు. 2020 డిసెంబరులో దాని వెనకున్న రెడ్ హ్యాట్ కంపెనీ ఆ గడువును 2021 డిసెంబరు 31కి తగ్గించేసింది. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్, అయితే ఎవరూ మన కాళ్ళ కింద చాప లాగరు అనుకుంటే పొరపాటే, లాగారు కదా. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. కొన్ని నెలల్లోనే, దానికి బదులుగా 2021 మార్చిలో ఆల్మాలైనక్స్ వచ్చింది, జూన్‌లో రాకీ లైనక్స్ వచ్చింది. రాకీ పెట్టినాయన సెంట్‌ఓఎస్ తొలినాళ్ళలో ఉన్న గ్రెగరీ కర్ట్జరే. సోర్స్ కోడ్ బయట ఉంది కాబట్టి వేరేవాళ్ళు ఎత్తుకోగలిగారు. మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో గడువు తగ్గిస్తే మనం చేయగలిగింది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయడమే.

మేం మాత్రం డెబియన్ వేసుకున్నాం. 1993 నుంచి ఉంది, వెనక ఒక కంపెనీ అంటూ లేదు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు నడుపుతారు. ఒక్కో వెర్షన్‌కి మూడేళ్ళు, ఆపైన ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల సపోర్ట్ కింద ఇంకో రెండేళ్ళు ప్యాచులు వస్తాయి. ఉబుంటు అనే డిస్ట్రోలో ఎల్‌టీఎస్ తీసుకున్నా మామూలుగా అయిదేళ్ళే. పదేళ్ళు కదిలించకూడదు అనుకుంటే ఆల్మా గానీ రాకీ గానీ తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ అనే డిస్ట్రో కూడా ఉంది, ప్రభుత్వ ఆఫీసుల్లో చూసే ఉంటారు. ఏదైనా ఫరవాలేదు, మీ పక్క ఊళ్ళో తెలిసినవాడు ఏది వాడుతున్నాడో అది వేసుకోండి. రాత్రి పదిగంటలకి ఫోనెత్తే మనిషి ఉన్న డిస్ట్రోయే మంచి డిస్ట్రో.

ఇప్పుడు అసలు తలనొప్పి దగ్గరికి వద్దాం. తెలుగు.

మా లైబ్రరీలో స్కాన్ చేసిన పాత పత్రికలు, ఆఫీసులో సర్క్యులర్లు, తీర్మానాలు, అన్నిటికీ ఫైలు పేర్లు తెలుగులోనే పెట్టారు. మంచి అలవాటు, నాకు ఇష్టం కూడా. కానీ పేరు అంటే ఒక వాక్యం. "ఫలానా తేదీన జరిగిన పాలకవర్గ సమావేశంలో ఆమోదించిన హాస్టల్ మరమ్మతుల తీర్మానం, సవరించినది, ఫైనల్." చివర్లో "ఫైనల్ రెండు" కూడా ఉంటుంది. విండోస్‌లో ఇవి హాయిగా ఉన్నాయి. లైనక్స్ డిస్కు మీదికి ట్రయల్ కాపీ నడిపితే, కొన్ని ఫైళ్ళ దగ్గర పేరు చాలా పొడుగుందని ఎర్రర్ కొట్టింది.

ఎందుకంటే రెండుచోట్లా పరిమితి 255 అనే ఉంటుంది, లెక్కపెట్టే పద్ధతి వేరు. విండోస్ డిస్కు మీద ఫైళ్ళు సర్దే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్, అందులో తెలుగు గుర్తు ఒక్కోటి ఒకటిగానే లెక్క. లైనక్స్‌లో అదే పనికి మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4లో ఆ 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు పడుతుంది. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. "లక్ష్మి" తీసుకోండి. పలకడానికి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు గుర్తులు. అంటే 21 బైట్లు. మధ్యలో ఖాళీ వదలకుండా లక్ష్మి అని పన్నెండుసార్లు రాస్తే 252, పదమూడోది పట్టదు. ఇంగ్లీషువాడు 255 అక్షరాలు రాసుకుంటాడు, మనకి 85 గుర్తులతో సరి. లైనక్స్‌లోనే ఉన్న ఇంకో పద్ధతి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో అయినా ఇదే కథ.

దీనికి మందు పెద్దదేం కాదు. మార్చే ముందే చిన్న స్క్రిప్టుతో 255 బైట్లు దాటే పేర్లన్నీ జాబితా తీసి, ఆ ఫైళ్ళు ఎవరివో వాళ్ళ చేతికే ఇచ్చి పేర్లు కుదించమనాలి. స్క్రిప్టు చేతే కత్తిరించవచ్చు కదా అంటారు. కత్తిరిస్తే "తీర్మానం, సవరించినది" ఉన్నదీ లేనిదీ ఒకే పేరయిపోయి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మా జూనియర్ ఆ జాబితా ప్రింటు తీసి ఆఫీసులో పంచితే, అరగంటలో తెమిల్చి ఇచ్చారు. ఫైలు ఎవరిదో వాళ్ళకే తెలుసు.

రెండో తెలుగు గొడవ డేటాబేసులో. పాత వెబ్‌సైట్లలో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు ప్రోగ్రాంలో టేబుళ్ళు లాటిన్-1, అంటే యూరప్ భాషల అక్షరాల పద్ధతి, అని ఉంటాయి, లోపల మాత్రం యూటీఎఫ్-8 తెలుగు కూర్చుని ఉంటుంది. అటు వెళ్ళేటప్పుడూ ఇటు వచ్చేటప్పుడూ అదే తప్పు లెక్క వాడడంతో స్క్రీన్ మీద సరిగ్గానే కనిపిస్తుంది. డేటా మొత్తం ఒక ఫైలుగా, అంటే డంపుగా తీసి కొత్త సర్వరులో పోసిన రోజు పేర్లన్నీ పిచ్చిగీతలవుతాయి. డంపు తీసేటప్పుడే క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాల పద్ధతి ఏదో చెప్పి తీయాలి, పోసిన వెంటనే తెలుగు పేర్లున్న వరుసలు నాలుగు కంటితో చూడాలి. పట్టించుకోకుండా వారం నడిపేశారంటే కొత్త ఎంట్రీలు బాగుండి, పాతవి పాడయి, రెండూ కలిసిపోతాయి. అప్పుడు విడదీయడం నరకం.

ఇంకొకటి, తెలుగుతో సంబంధం లేనిది. ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా విండోస్‌కి ఒకటే. లైనక్స్‌కి కాదు. వెబ్ పేజీలో ఫొటో పేరు చిన్న అక్షరాల్లో రాసి, ఫైలు పేరు కెమెరా పెట్టినట్టు పెద్ద అక్షరాల్లో ఉంటే, ఇన్నేళ్ళూ కనపడిన ఫొటో మర్నాడు మాయం. టేబుళ్ళ పేర్లూ అంతే. విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ వాటిని చిన్న అక్షరాల్లోకి మార్చి దాచుకుంటుంది. కోడ్‌లో పెద్ద అక్షరంతో పిలిస్తే లైనక్స్‌లో అలాంటి టేబులే లేదంటుంది. దీనికి ఒక సెట్టింగ్ ఉంది, మైఎస్‌క్యూఎల్ 8లో అయితే దాన్ని డేటాబేసు మొదటిసారి పెట్టేటప్పుడే ఇవ్వాలి, తర్వాత మార్చనివ్వదు. సాంబా ఫైళ్ళకి మాత్రం ఈ బెడద లేదు, విండోస్‌వాళ్ళ అలవాటు ప్రకారమే అది చూసుకుంటుంది.

కందుకూరువాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఆ, అక్కడ చేతులు లేచాయి. మీ ఊరు 1970లో నెల్లూరు నుంచి కొత్త ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరుకి పోయింది. ఊరు కదల్లేదు, డ్రాప్‌డౌన్ కదిలింది. (నవ్వులు) అడ్మిషన్ల సాఫ్ట్‌వేర్‌లో జిల్లాల జాబితా మార్చాల్సి వచ్చింది. అప్పుడే చీరాల, అద్దంకి బాపట్లలోకి పోయాయి, అవీ మార్చాల్సి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే, అది కస్టమైజేషన్ కిందికి వస్తుంది, కొటేషన్ పంపుతాం అన్నారు. కోహాలో ఇదే మార్పు మా లైబ్రేరియన్ మేడం సెట్టింగుల పేజీలోకి వెళ్ళి టీ చల్లారేలోపు చేసేశారు. సర్వరు లైనక్స్ అయినంత మాత్రాన పైనున్న సాఫ్ట్‌వేర్ మీ చేతికి రాదు. ఆపరేటింగ్ సిస్టం మార్చే అవకాశం వచ్చినప్పుడు, పైనున్నవాటిలో ఏవి మార్చుకోగలమో కూడా చూడమంటున్నాను.

మార్చే రోజు సంగతి. కొత్తింట్లో పాలు పొంగించిన రోజే పాత ఇంటి తాళాలు ఓనరుకి ఇచ్చెయ్యం కదా, నాలుగు రోజులు రెండిళ్ళూ మనవే. సర్వరైనా అంతే. పాతదాన్ని చదవడానికి మాత్రమే వీలుండేట్టు పెట్టి, ఒక నెల జీతాల బిల్లు, ఒక పరీక్ష కొత్తదాని మీద జరిగేదాకా ఆపకండి. అడ్మిషన్ల సీజన్లో, ఆడిట్ నెలలో ముట్టుకోకండి. సంక్రాంతి సెలవులు బాగా కుదురుతాయి, కాకపోతే మీ ఇంట్లో ఒప్పించుకోవడం మీ బాధ్యత.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాత్రం వద్దు. మనకి ఎందుకో చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు పోతే రోజుల తరబడి రాదు. యూపీఎస్‌ని సర్వరుకి కేబుల్‌తో కలిపి, నట్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటే బ్యాటరీ అడుగంటేముందు సర్వరును అదే సక్రమంగా ఆపుతుంది. అందరూ పెట్టుకోండి, ఉచితమే. బ్యాకప్ అదే గదిలో, అదే ర్యాకులో ఉంటే అది బ్యాకప్ కాదు, రెండో కాపీ అంతే. మా కాలేజీది ఆసుపత్రిలో ఉంటుంది, ఆసుపత్రిది కాలేజీలో. రాత్రిపూట ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో మారినవి మాత్రమే వెళ్తాయి, కాబట్టి మామూలు ఫైబర్ కనెక్షన్ చాలు.

ఇక మనిషి గురించి. లైనక్స్ సర్వరు ఒకరి తలకాయలో మాత్రమే ఉంటే, విండోస్ లైసెన్సు కన్నా అది ప్రమాదం. ఆ ఒక్కరూ హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతారు. వెళ్ళడం తప్పు కాదు, మనం ఇచ్చే జీతాలకి ఆగమని అడగడమే తప్పు. అందుకే ఇద్దరికి తెలిసి ఉండాలి. ఏ సర్వరు ఎక్కడుంది, ఏ సర్వీసు ఎలా మొదలుపెట్టాలి, పాస్‌వర్డులు ఏ సీల్డ్ కవర్లో ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉన్నాయి, ఇవన్నీ తెలుగులోనే రాసి పెట్టండి. ఇంగ్లీషులో రాయాలని కూర్చుంటే ఎప్పటికీ రాయరు. జూనియర్‌కి జీతం పెంచమని అడిగేటప్పుడు ఆ పాత కొటేషన్ పక్కన పెట్టి అడగండి. ప్రభుత్వ సంస్థలవాళ్ళకి ఇంకో ఆధారం ఉంది. కేంద్రం 2015లో ఓపెన్ సోర్స్ విధానం తెచ్చింది, ఈ-గవర్నెన్స్ పనుల్లో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. ఫైలులో అది జతచేస్తే పైవాళ్ళు వద్దనడానికి కారణం రాయాల్సి వస్తుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభికుల్లో ఒకరు: లైనక్స్‌కి వైరస్ రాదంటారు కదా సార్, యాంటీవైరస్ ఖర్చు కూడా పోయినట్టేనా?)

పోలేదండీ. ఆఫీసులో ఒక విండోస్ కంప్యూటర్‌కి ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్, తగిలిందనుకోండి. దానికి జెడ్ డ్రైవ్ కనపడుతుంది, రాసే అనుమతీ ఉంది. మీ లైనక్స్ సర్వరు ఆరోగ్యంగానే ఉంటుంది, దాని మీదున్న ఫైళ్ళన్నీ మాత్రం తాళం పడి ఉంటాయి. అందుకని బ్యాకప్ మెషీనే సర్వరు దగ్గరికి వెళ్ళి లాక్కోవాలి. సర్వరుకి గానీ ఆఫీసు కంప్యూటర్లకి గానీ బ్యాకప్ మీద రాసే అధికారం ఉండకూడదు. పాత తేదీల కాపీలూ ఉంచాలి, లేకపోతే తాళం పడిన ఫైళ్ళనే శ్రద్ధగా బ్యాకప్ చేసుకుంటాం. ఇంటర్నెట్ వైపు తెరిచిన సర్వరైతే, దూరం నుంచి సర్వరులోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ మీద పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీ ఫైలుతో మాత్రమే లాగిన్ అయ్యేట్టు పెట్టండి. లాగ్ ఫైలు ఒకసారి తెరిచి చూడండి, ఎక్కడెక్కడినుంచో రూట్ పేరుతో, అంటే సర్వరు మీద సర్వాధికారాలున్న ఖాతా పేరుతో, తలుపు తడుతూనే ఉంటారు.

(ఒక లైబ్రేరియన్: మా కాలేజీలో నేనొక్కదాన్నే సార్, టెక్నీషియన్ లేడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?)

సర్వరు జోలికి వెళ్ళకండి మేడమ్. ల్యాబ్‌లో పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి అడగండి, నాలుగు జీబీ ర్యామ్ ఉన్నా చాలు. దాంట్లో కొత్త హార్డ్‌డిస్కు వేయించి డెబియన్ పెట్టుకోండి, గ్రాఫిక్ స్క్రీన్ లేకుండా. కేవలం మీ కేటలాగు బ్యాకప్‌కి వాడండి. అది చెడిపోయినా ఎవరికీ నష్టం లేదు, కాబట్టి టెన్షన్ లేకుండా నేర్చుకోవచ్చు. ఒకరోజు ఆ బ్యాకప్ నుంచి కేటలాగు మొత్తం వేరే మెషీన్లో తిరిగి లేపి చూడండి. అది చేయగలిగారంటే కోహా పెట్టడం మీకు కష్టం కాదు. రెండో మనిషి కోసం మీ ప్రిన్సిపాల్ గారికి లెటర్ కూడా ఇవాళే రాద్దాం, నేను డ్రాఫ్ట్ చేసిస్తాను.

భోజనాల తర్వాత పక్క ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేసి చూపిస్తాం. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నవాళ్ళు మా జూనియర్‌కి ఇవ్వండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, పెళ్ళి ఫొటోలు ఏమన్నా ఉంటే ముందే తీసేసుకోండి.